ఇద్దరిలో ఎవరైనా సరే

కళ్ళు మూసుకోమంది నర్సమ్మ, మూసుకున్నాను. చుక్కల మందు వేశాక గంటసేపు ఇలాగే కూర్చోవాలట, మధ్యమధ్యలో వచ్చి మళ్ళీ వేస్తుందట, నల్లగుడ్డు బాగా విచ్చుకునేదాకా. ఆపరేషను చెయ్యబోయే కంటికి పైన, నుదుటి మీద, గుర్తుకోసం ప్లాస్టరు ముక్క అంటించింది. ఇలా ముక్కలు అంటించుకుని గోడవార కుర్చీల్లో తలలు వెనక్కి వాల్చిన ముసలివాళ్ళం చాలామందిమే ఉన్నాం, చూసేవాళ్ళకి అందరం ఒకేసారి అలిగి కూర్చున్నట్టు ఉంటాం. నా ఎడమపక్కన మా అమ్మాయి గువ్వ. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పెట్టుకున్న ముద్దుపేరు, ఇప్పుడు దానికే జుట్టు నెరిసింది, అయినా గువ్వే. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో ఉంది. చేతిసంచి పట్టీని వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది, ఆ తోలు చప్పుడు నాకు వినబడుతోంది. నా ఆపరేషను డబ్బు బ్యాంకులో లేదు. ఆ సంగతి దానికి తెలుసు, ఎందుకంటే తీసింది అదే. నాకు తెలుసన్న సంగతి మాత్రం దానికి తెలియదు. లోపలికి తీసుకెళ్ళేముందు కౌంటరు దగ్గర డబ్బు కట్టాలి. పిలిచేలోగా ఇది నోరు విప్పి నాతో ఒక మాట చెబుతుందా, చెప్పదా, ఈ గంటలో నేను చూడదలుచుకున్నది అదొక్కటే. కళ్ళు మూసుకునే చూడాలి.

మందు కంట్లో పడ్డప్పుడు చురుక్కుమంది, కాసేపటికి గొంతులో చేదు తగిలింది. కంట్లో వేసింది గొంతులోకి ఎలా దిగిందో. లోపల అన్నీ ఒకదాన్లోంచి ఒకదాన్లోకి దారులే కాబోలు, ఇక్కడ పోసింది అక్కడ తేలుతుంది. పైన ఫ్యాను టకటకమంటోంది, పాత ఫ్యాను, బోల్టు వదులైనట్టుంది, వింటూ ఉంటే మా కుట్టుమిషను చప్పుడులాగే ఉంది, కాళ్ళు వాటంతటవే తొక్కడానికి కదులుతున్నాయి. మాది మెట్ల కింద గది. ఇటు మందుల షాపు, అటు చెప్పుల కొట్టు, నడిమధ్య మెట్లు, వాటికింద మేము. కొత్తబట్టలు కుట్టం. పొడుగైనవి తగ్గిస్తాం, బిగుతైనవి వదులు చేస్తాం, జిప్పులు మారుస్తాం, చిరిగినవి చిరిగినట్టు తెలియకుండా కుడతాం. ఒళ్ళు చేసినవాళ్ళంతా వచ్చి, ఉతికితే కుంచించుకుపోయిందండీ అంటారు. అవునండీ, ఈ మధ్య బట్టలన్నీ చిక్కిపోతున్నాయి, వాటికేం దిగులో, అంటాను నేను. గువ్వ బల్ల దగ్గర నవ్వు ఆపుకోలేక కత్తెర కింద పెట్టేస్తుంది. కొలతలు, కత్తిరించడం, బేరం దానివి. కుట్టు నాది. వచ్చింది అదే తీసుకుంటుంది, అదే బ్యాంకులో వేస్తుంది. ఎంతొచ్చింది, ఎంత పోయింది అని నేనెప్పుడూ అడిగి ఎరగను. మా ఇంట్లో లెక్క అడగడమంటే చెంపదెబ్బ కొట్టడమే.

అలా ఎందుకైందంటే మా అత్తగారి వల్ల అయింది. ఆవిడ దగ్గరో రేకుడబ్బా ఉండేది, దాని తాళంచెవి మెళ్ళో దారానికి కట్టుకునేది, స్నానానికి కూడా తీసేది కాదు. కొడుకుల జీతాలూ నా కుట్టుకూలీ అన్నీ అందులోకే పోయేవి. మన డబ్బే కదే, ఎవరి దగ్గరుంటే ఏంటి, అనేది. మరి మన డబ్బులోంచి నేను బస్సుకి అడిగితే ఎందుకు, ఎవరింటికి, కాళ్ళున్నాయి కదా అనేది. గువ్వ కడుపులో ఉండగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలన్నాను. నేనింతమందిని కన్నాను, నన్ను ఏ డాక్టరు చూసింది, అంది, ఆ తాళంచెవిని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పుకుంటూ. నడిచే వెళ్ళాను. దారిలో ఒకచోట ఆయాసమొచ్చి ఎవరిదో అరుగు మీద కూలబడి, కడుపు మీద చెయ్యి వేసుకుని చెప్పాను, లోపల ఉన్నది ఆడపిల్లో మగపిల్లాడో తెలియకపోయినా చెప్పాను: నువ్వు మాత్రం నా ముందు చెయ్యి చాచి నిలబడే రోజు రానివ్వను. ఆ మాట మీదే ఉన్నాను. ఉండీ ఉండీ ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాను.

"అమ్మా, నీళ్ళు తాగుతావా?"

వద్దన్నాను. ఆపరేషనుకి ముందు ఏమీ తాగకూడదని పొద్దున నాకు చెప్పింది అదే. మర్చిపోయింది. మనసు ఇక్కడ లేదు దానికి. పాపం అనిపించింది, అనిపించినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. నీళ్ళ సంగతి అడగడానికి తెరుచుకున్న నోరు ఇంకో రెండు మాటలకి తెరుచుకోదా. నేనే కాస్త తలుపు తెరిచాను.

"గువ్వా, డబ్బు కట్టేశావా?"

"కడతాలే. పిలిచినప్పుడు కట్టమన్నారు."

"సరిపోతుందా?"

"నువ్వు మాట్లాడకమ్మా, కళ్ళు కదుల్తాయి."

మాట్లాడితే కళ్ళు కదుల్తాయని ఇవాళే తెలిసింది నాకు. నా కుడిపక్కన కూర్చున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. బస్సు కండక్టరు చేసి రిటైరయ్యాడట, అడక్కుండానే చెప్పాడు, గొంతు వింటేనే తెలుస్తోంది, జనం మీద అరిచి అరిచి అరిగిన గొంతు.

"ఏమ్మా, నీది ఏ కన్ను?"

"కుడిది."

"నాది ఎడమ. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషికి సరిపోతాం."

"మీకు తోడెవరొచ్చారు అన్నయ్యగారూ?"

"ఎవర్నీ తేలేదు. తెస్తే డబ్బు ఏ జేబులోంచి తీస్తున్నానో చూస్తారు. నా సొమ్ము ఎక్కడుందో మావాళ్ళకి నేను పోయాకే తెలియాలి. అప్పటిదాకా నాకైనా గుర్తుంటే చాలు." తన మాటకి తనే నవ్వుకున్నాడు. "నీ పక్కనున్నది ఎవరు, కోడలా?"

"మా అమ్మాయి."

"ఇంకేం మరి. కూతురుంటే దిగుల్లేదు."

సంచి పట్టీ చప్పుడు ఆగిపోయింది. ఆ, దిగులేముంది, అన్నాను నేను.

దిగుల్లేదనే అనుకున్నాను, పోయిన వారందాకా. బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒకతి మా దగ్గరే బట్టలు సరిచేయించుకుంటుంది, మంచి పిల్ల, నోట్లో మాట ఆగదు. గువ్వ అప్పుడు గుండీలు కొనడానికి వెళ్ళింది. ఆ పిల్ల ప్యాంటు బల్ల మీద పడేసి, "ఏం పిన్నిగారూ, మొత్తం ఊడ్చేశారు, ఇల్లేమైనా కొన్నారా?" అంది. నాకు అర్థం కాలేదు. "అదేనండీ, మీ అమ్మాయి వచ్చి ఖాతా అంతా తీసేసుకుంది కదా, నేను సెలవులకి వెళ్ళేముందు. నాకు పార్టీ లేదా?" అంది. మనిషికి లోపల ఏమైపోతున్నా పైన నోరు దాని పని అది చేసుకుపోతుందని ఆరోజు తెలిసింది. "కొన్నామమ్మా, పెద్ద మేడ. లిఫ్టు కూడా ఉంది, నువ్వొస్తే ఎక్కిస్తా," అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. గువ్వ గుండీలు పట్టుకుని వచ్చింది, ఈ నలుపు ఆ నలుపుతో కలుస్తుందా చూడమ్మా అంది. కలుస్తుంది అన్నాను. నాకు అప్పుడేమీ కనబడలేదు, కంట్లో పొర వల్ల కాదు.

ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి ఎక్కువ కష్టపడలేదు. అల్లుడికి ఫోన్లో మెల్లగా మాట్లాడటం రాదు, మాట్లాడుతున్నాననుకుంటాడు. వాళ్ళ అన్నయ్య పాత టైర్ల వ్యాపారం పెట్టాడు, అప్పుకి అల్లుడు హామీ సంతకం పెట్టాడు. సొంత అన్న అడిగితే పెట్టక చస్తానా అన్నాడట గువ్వతో. ఆ అన్న చేతులెత్తేశాడు, అప్పువాళ్ళు అల్లుడి జీతం మీద పడ్డారు, అల్లుడు గువ్వ మొహం చూశాడు, గువ్వ నా కళ్ళ మీద పడింది. "మా అత్తగారిది కూడా అయిపోయిందిరా, ఇంకెక్కణ్ణుంచి తేను," అంటున్నాడు అన్నతో ఆ రోజు, నేను పక్కగదిలో దిండ్లకి గలీబులు తొడుగుతున్నాను. అయిపోయిందట. పాలగిన్నె అడుగంటినట్టు చెప్పాడు. ఆ టైర్లాయన్ని నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ నన్ను పెద్దమ్మా అని ఎంతో ఆప్యాయంగా పలకరించాడు, వాళ్ళావిడ జాకెట్లు డబ్బివ్వకుండా సరిచేయించుకున్నాడు. మనవాళ్ళేగా. ఈ ఏగా అన్న తోక తగిలించి నా దగ్గర జనం ఎన్ని తీసుకెళ్ళారో. నాకు పదహారేళ్ళప్పుడు నా మొదటి మిషను మా తమ్ముడు తాకట్టు పెట్టాడు, సినిమాహాల్లో తినుబండారాల కాంట్రాక్టు తీసుకుంటానని. నేను ఏడుస్తుంటే మా అమ్మ, తమ్ముడేగా, పరాయివాడా, అంది. పరాయివాడైతే రసీదు ఇచ్చేవాడు. ఆ మిషను మళ్ళీ చూడలేదు. తమ్ముడు నా దగ్గరికి రావడం మానేశాడు, నా వస్తువు పోగొట్టి నా మీదే కోపం పెట్టుకున్నాడు, అది ఎక్కడి న్యాయమో నాకిప్పటికీ తెలియదు, కానీ ప్రతి ఇంట్లోనూ అదే చూశాను, పోగొట్టుకున్నవాళ్ళే వెళ్ళి బతిమాలుకోవాలి.

చల్లటి వేలు ఒకటి కనురెప్పని పైకెత్తింది. మళ్ళీ చుక్క. "బాగానే విచ్చుకుంటోంది అమ్మమ్మా, ఇంకాసేపే," అంది నర్సమ్మ. ఆ ఒక్క క్షణంలో హాలంతా తెల్లగా అలుక్కుపోయి కనబడింది, గువ్వ మొహం ఉండాల్సిన చోట ఒక వెలుగు ముద్ద. దాని కళ్ళలోకి చూద్దామనుకున్నాను, కళ్ళెక్కడున్నాయో తెలియలేదు.

వేలు అంటే గుర్తొచ్చింది. మా ఆయన పోయాక ఖాతా నా పేరున మార్చుకోవడానికి వెళ్ళాం నేనూ గువ్వా. నా సంతకం ఒకసారి పెట్టినట్టు ఇంకోసారి రాదు, వంకర పోతుంది, అప్పుడే చెయ్యి వణకడం మొదలైంది. అయితే వేలిముద్ర వెయ్యండి అన్నాడు ఆఫీసరు. చిన్న మిషను, ఎర్రదీపం. బొటనవేలు పెట్టాను, కుయ్యిమంది. చూపుడువేలు, కుయ్యి. పదివేళ్ళూ పెట్టించాడు, తుడిచి పెట్టించాడు, తడిపి పెట్టించాడు. ముద్ర లేదు. ఇన్నేళ్ళు సూది వెనక నొక్కీ, వేడి ఇస్త్రీపెట్టె కింద మడత సర్దీ, వేళ్ళ చివర్లు గాజులా నున్నగా అయిపోయాయి. మీరెవరో మిషనుకి తెలియడం లేదండీ అన్నాడు ఆయన. నవ్వొచ్చింది నాకు. ఇంకో పేరు కలిపితే మంచిది, మీ అమ్మాయి ముద్ర తీసుకుంటాను, అన్నాడు. కలపండి, అన్నాను. ఆయన కాగితం మీద కలం పెట్టి అడిగాడు: "డబ్బు తీయాలంటే ఇద్దరూ కలిసి రావాలా, ఇద్దరిలో ఎవరైనా సరేనా?" మా అత్తగారి మెళ్ళో తాళంచెవి కళ్ళముందు మెరిసింది. "మా ఇద్దరి మధ్య ఇద్దరేంటండీ, ఎవరైనా సరే!" అన్నాను, పక్క కౌంటరువాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా. గొప్పగా అన్నాను. గువ్వ నా చెయ్యి నొక్కింది. ఆఫీసరు మంచివాడే పాపం, "ఒకసారి ఆలోచించుకోండమ్మా," అన్నాడు. కూతురేగా అన్నాను. ఎవరో నన్ను మోసం చేశారని చెప్పుకోవడానికి లేదు, నా నోటితోనే నేను చెప్పి వచ్చాను, అది కూడా నవ్వుతూ.

అడిగితే ఇచ్చేదాన్ని. అసలు మంట అక్కడుంది. అమ్మా, ఇల్లు మునిగిపోతోంది, ఏం చెయ్యను అని ఒక్క మాట, మిషను పక్కన కూర్చుని అనుంటే, నా కళ్ళకేం తొందరే, తీసుకో అనేదాన్ని. అల్లుణ్ణి నాలుగు తిట్టేదాన్ని, టైర్లాయన్ని నలభై, చివరికి ఇచ్చేదాన్ని. కానీ అడగనక్కర్లేని ఏర్పాటు చేసిపెట్టింది ఎవరు? చెయ్యి చాచకూడదనుకున్నాను, చాచలేదు, తీసుకుంది. నా మాట నాకు చెల్లించింది. చిన్నప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని నా కాళ్ళ దగ్గర కూర్చునేది, నేను చెయ్యి కిందికి చాపితే ఒక్కొక్కటి అందించేది, నోటినిండా సూదులతో మాట్లాడకూడదని నేనే నేర్పాను. ఇప్పుడు కూడా అలాగే ఉంది పక్కన, పెదాలు బిగించుకుని. ఈ వారమంతా చూశాను. ఆపరేషను వాయిదా వేద్దామా అంటుందేమోనని చూశాను. నిన్న నా సంచి సర్దింది, తువ్వాలు పెట్టింది, నల్లకళ్ళద్దాలు కూడా కొనుక్కొచ్చింది, ఆపరేషనయ్యాక పెట్టుకోవాలట. డబ్బు లేని ఆపరేషనుకి కళ్ళద్దాలు కొన్న పిల్లని ఏమనాలి. ఎక్కణ్ణుంచో అల్లుడు తెస్తానన్నాడేమో, ఆఖరి నిమిషంలో ఫోను మోగుతుందని చూస్తోందేమో. సంచిలో ఫోను అస్తమానం తీసి చూసుకుంటోంది, పట్టీ చప్పుడు, గుండీ చప్పుడు, మళ్ళీ పట్టీ. మోగలేదు. నేను కూడా ఆ ఫోను మోగాలని ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు. నా కన్ను కోసమో, దాని పరువు కోసమో విడదీసి చెప్పలేను. పొర గట్టిపడితే తియ్యడం కష్టం, రెండో కన్ను కూడా అదే దారిలో ఉంది, అన్నాడు డాక్టరు. కన్ను లేకపోతే కుట్టు లేదు, కుట్టు లేకపోతే బ్యాంకులో పడేదీ లేదు. పొర తియ్యడానికి డబ్బు కావాలి, డబ్బు రావాలంటే పొర తియ్యాలి. ఇప్పటికే ఒకాయన కోటు జేబు చిరిగిందని ఇస్తే మూతితో సహా కుట్టేశాను. మర్నాడు వాళ్ళావిడ వచ్చి, విప్పకండి పెద్దమ్మా, ఈ నెల ఇంట్లో డబ్బు మిగిలింది, అంది. అందరం పడీ పడీ నవ్వాం. అందరికంటే ముందు నవ్వు ఆపింది గువ్వ. నా మొహం పట్టుకుని కళ్ళలోకి చూసి, పద, చూపిద్దాం, అంది. ఆరోజు దానివి దొంగమాటలు కావు. అది నేను ఎవరి ముందైనా చెప్తాను.

నా పేరు పిలిచారు.

గువ్వ లేచింది. కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీసుకున్నాయి. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను, వంగి నా చెవిలో చెబుతుంది. వంగలేదు. చెప్పుల చప్పుడు కౌంటరు వైపు పోయింది. ముసలితనంలో కన్ను పోయినా చెవి నిక్కబొడుచుకునే ఉంటుంది, మా గువ్వకి అది తెలియదు. "మా అమ్మ భయపడిపోతోందండీ," అంటోంది. "వద్దని ఒకటే గొడవ. ఇంకోసారి తీసుకొస్తాను."

భయపడిపోతోందట. కాసేపట్లో నర్సమ్మ వచ్చి నా ముందు నిలబడింది. "ఇదేంటి అమ్మమ్మా! ఇంతసేపు హాయిగా కబుర్లు చెప్పి ఇప్పుడు చిన్నపిల్లలా మారాం చేస్తారా? చీమ కుట్టినంత కూడా ఉండదు." కండక్టరాయన అందుకున్నాడు, "నన్ను చూసి ధైర్యం తెచ్చుకో చెల్లెమ్మా, కావాలంటే నేను ముందు వెళ్తా." ఎదురు వరసలోంచి ఎవరో ఆడమనిషి, నేను పోయినసారి ఒక కన్ను చేయించుకున్నాను, ఏమీ తెలియలేదమ్మా, అంది. హాలు హాలంతా నాకు లేని భయాన్ని పోగొట్టడానికి పూనుకుంది. ఎంత మంచివాళ్ళో అందరూ. నా భుజం మీద చెయ్యి పడింది, గువ్వది, గడగడ వణుకుతోంది. ఆ చెయ్యి వణక్కుండా ఉంటే ఏం చేసేదాన్నో. అవునమ్మా, భయమే, ఇంటికెళ్తాను, అని లేచేదాన్నేమో. అప్పుడు మా అమ్మ నా చేత మింగించినట్టే, ఇప్పుడూ మింగి, కూతురేగా అని ఇంకో తోక తగిలించుకుని.

"నాకు భయం లేదమ్మా," అన్నాను నర్సమ్మతో. "డబ్బు లేదు. నా కంటికోసం దాచింది మా అమ్మాయి తీసి, వాళ్ళ బావగారి అప్పు తీర్చింది. నాతో చెప్పలేదు. నాకు వేరే దారిలో తెలిసింది."

ఫ్యాను టకటకమంటూనే ఉంది. భుజం మీద చెయ్యి ఉన్నచోటే ఉండి బరువెక్కింది. నర్సమ్మ నా నుదుటి మీది ప్లాస్టరు మెల్లిగా ఊడదీసింది, వెంట్రుకలు లాగకుండా, ఎంతో జాగ్రత్తగా. చూపు మామూలు కావడానికి సాయంత్రం అవుతుందండీ, ఒంటరిగా వెళ్ళకండి, అంది.

బయటికి వచ్చేదాకా గువ్వ ఏడుపు లోపలే దాచుకుంది. ఎండ కళ్ళలో పడగానే లోకమంతా సున్నం కొట్టినట్టు తెల్లబడింది. సంచిలోంచి ఆ నల్లకళ్ళద్దాలు తీసి పెట్టబోయింది, మొహం తిప్పుకున్నాను. అందరి ముందూ అనాలా అమ్మా, అంది. ఇంట్లో అయితే ఎప్పుడు చెప్పేదానివే, అన్నాను. ఆటో పిలవనా ఇంటికి, అంది.

"ఇంటికి కాదు. బ్యాంకుకి."

"ఎందుకు? అందులో ఏం లేదుగా."

"ఖాతాలోంచి నీ పేరు తియ్యడానికి. తియ్యాలంటే నీ సంతకం కావాలట, మన దగ్గరికొచ్చే ఆ బ్యాంకు పిల్లని అడిగాను. ఇక మీదట కుట్టుకి వచ్చిన డబ్బు నాకు ఇవ్వు, ఎంతయితే అంత. నీకు కావాలంటే నన్నడుగు."

"నీ ముందు చెయ్యి చాచమంటావా?"

నాకు గొంతులో మందు చేదు మళ్ళీ తగిలింది. "చాచు," అన్నాను.

పక్కనుంచి బళ్ళు పోతున్నాయి, చప్పుడే కానీ బళ్ళు లేవు నాకు, అన్నీ తెల్లటి మంటలు. నేను ఒక్కదాన్నే ఈ రోడ్డు దాటలేనని నాకూ తెలుసు, దానికీ తెలుసు. చివరికి నా మోచెయ్యి పట్టుకుంది, బ్యాంకు వైపో ఇంటి వైపో, ఎటో తిప్పింది.

"మెట్టుందమ్మా, చూసుకో," అంది.

చూసుకోవడానికి నాకేముంది. దాని మాట మీదే కాలు వేశాను.